ఊడిన వైరు

పెట్టె తిరిగొచ్చాక ఒక పూటకు మించి మురికిగా ఉంచకూడదన్నది శంకరప్ప తనకు తానే పెట్టుకున్న నియమం. శనివారం పొద్దున ఏడింటికే ఆయన సముదాయ భవనం తలుపు తెరిచి శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టెను చక్రాల మీద వరండాలోకి నెట్టుకొచ్చాడు. ముందురోజు నాలుగో గల్లీలో ఒక ముసలాయన మట్టి అయ్యాక తిరిగొచ్చిన పెట్టె అది. లోపలి స్టీలు పళ్ళెం మూలల్లో బంతిరేకులు అతుక్కుని ఉన్నాయి. అగ్గిపుల్లతో ఒక్కొక్కటీ గీకి తీశాడు. ఫినాయిలు నీళ్ళతో ఒకసారి, ఉత్త నీళ్ళతో రెండుసార్లు కడిగి పాత ధోవతి ముక్కతో తుడిచాడు. అద్దం మూతను పేపరుతో రుద్దాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే మోటారు గుర్రుమని తిరిగింది. కాసేపు విని, ఆపి, పెట్టెను మళ్ళీ లోపలికి తోశాడు.

చిద్రి దాటగానే వచ్చే వీరభద్ర కాలనీలో నూట పద్దెనిమిది ఇండ్లున్నాయి. తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, మరాఠీవాళ్ళు, ఏడెనిమిది ఇండ్ల ముస్లింలు. బీదర్‌లో నౌకరీకని వచ్చి కిరాయికి దిగినవాళ్ళు మూడో వంతు. పెళ్ళికి పిలవకపోతే ఎవరూ పట్టించుకోరు గాని, చావుకు మాత్రం ఎదురింటివాళ్ళు రాలేదంటే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఇండ్లవాళ్ళంతా చందా వేసుకుని ఆ పెట్టె కొన్నారు. శంకరప్ప ఇల్లు భవనానికి ఎదురుగా ఉంది గనుక తాళంచెవి ఆయన చేతికిచ్చారు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాక ఆయనను నలుగురూ పేరుపెట్టి పిలిచేది ఆ పెట్టె కోసమే. ఏ ఇంట్లో ఏడుపు వినిపించినా ముందు ఆయన గడపకే వస్తారు.

ఆయన చేతులు కడుక్కుంటుంటే భార్య సంగమ్మ రోడ్డు దాటి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మార్తమ్మ పోయిందట. తెల్లారంగ చాయ్ తాగి, జర ఒరుగుతనని ఒరిగిందట. గంతే."

"మన నోయల్ వాళ్ళమ్మనా?"

"ఇంకెవరు? ఆమె బిడ్డ సోనాలి పుణె నుంచి రావాలెనట. రేపు పొద్దుగాల్నే ఇగ. నువ్వు డబ్బా తయారుగ పెట్టు. ఈ ఎండలకు ఒక్క పూట గూడ ఆగదు." అని ఆమె ఆ ఇంటివైపు వడివడిగా వెళ్ళిపోయింది.

అయిదు నిమిషాలకు ఫోను మోగింది. కాలనీ సంఘం అధ్యక్షుడు రాజేశ్. మెయిన్ రోడ్డు మీద సిమెంటు దుకాణం ఆయనదే.

"మామా, మార్తమ్మ సంగతి తెలిసింది కద. నోయల్ నీ దగ్గరికే వస్తడు."

"రానీ. ఇప్పుడే కడిగి పెట్టిన."

అవతల కొంచెం ఆగింది. "ఇయ్యకు మామా."

"ఎందుకు సాబ్?"

"కిరాయికి ఉన్నోళ్ళు. మెంబర్లు కాదు."

"పోయిన నెల బ్యాంకు ఆఫీసరు నాయినకు ఇచ్చినం కద. ఆయన గూడ కిరాయికే ఉన్నడు."

"అది వేరు, ఇది వేరు. నీకు తెల్వదా? రేపు మా అమ్మకేమన్న అయితే అండ్లనే కద పండబెట్టాలె. మా ఇంట్ల ఒప్పుకుంటరా? నీ ఇంట్ల ఒప్పుకుంటరా?" రాజేశ్ గొంతు తగ్గించాడు. "రూలు గీలు మాట్లాడకు, లొల్లి అయితది. ఖరాబైందని చెప్పు. ఒక్క మాటతోని అయిపోతది."

"సరే" అన్నాడు శంకరప్ప.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అన్నాక గాని తెలియలేదు. పోయిన చలికాలం తన తల్లిని ఆ పెట్టెలోనే పడుకోబెట్టారు. మార్తమ్మకు తయారుగా పెట్టమని సంగమ్మ చెప్పినప్పుడు అమ్మ పడుకున్న చోట ఈమెనా అని ఆయనకు అనిపించింది. అది రాజేశ్ ఫోను చెయ్యకముందే అనిపించింది. రాజేశ్ దానికి ఒక మాట అందించాడు, అంతే.

నోయల్ ఎనిమిదిన్నరకు వచ్చాడు. ముప్పై అయిదేండ్ల మనిషి. చిద్రి రోడ్డు మీద ఫ్రిజ్జులు, కూలర్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది అతనికి. నిద్రబట్టల మీదే ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి దాటి ఒకటి పెట్టుకున్నాడు.

"మామా, అమ్మ పోయింది."

"సంగమ్మ చెప్పింది బిడ్డా. మంచి మనిషి." శంకరప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తియ్యకుండానే చెప్పాడు. "నోయల్, డబ్బా ఖరాబైంది నాయినా. సల్లగైతలేదు. నిన్న నాలుగో గల్లీలనే ఆగిపోయిందట."

నోయల్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ జవాబు అతన్ని బాధపెట్టినట్టు లేదు. దుకాణానికి ఎవరో పాడైన వస్తువు తెచ్చినప్పుడు చూసే చూపు వచ్చింది ముఖంలోకి.

"మోటారు తిరుగుతుందా?"

"తిరుగుతలేదు... అంటే, నాకేం తెలుసు?"

"పోయిన ఎండకాలం గ్యాసు నేనే నింపిన కద. ఇంత జల్ది పోవద్దు. సామాను తెస్త, ఆగు."

"అరె, ఇసుంటి టైముల నీకెందుకురా? ఇంటికాడ పనులుంటయి. వేరే కాడ చూసుకో. టౌనుల దొరుకుతయి."

"టౌనుల రెండున్నయట, రెండు గూడ బయటికి పోయినయి. ఫోను చేసిన." నోయల్ అప్పటికే గేటు దాటుతున్నాడు. "మా అమ్మకు కాకపోయినా రేపు ఇంకొకలకు కావాలె కద మామా. ఎండకాలం."

అతని ఇల్లు రెండు గల్లీల అవతల. పోయిరావడానికి పావుగంట పడుతుంది. శంకరప్ప భవనంలోకి వెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాడు. స్విచ్చి వేస్తే తిరుగుతుంది. నోయల్ వచ్చి వేస్తాడు, తిరుగుతుంది. అప్పుడు నోయల్ తన ముఖం చూస్తాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె వెనక్కి వంగాడు. మోటారుకు అడ్డంగా ఉన్న జాలీకి ఒక పక్క స్క్రూలు లేవు. దాన్ని వంచి చెయ్యి లోపలికి పెట్టాడు. వేళ్ళకు దుమ్ము మెత్తగా తగిలింది. ఎర్రవైరు ఒకటి చేతికి దొరికింది. గుంజాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి టక్కుమని ఊడింది.

బయటికి వచ్చేసరికి సంగమ్మ ఇంట్లోంచి చాయ్ ఫ్లాస్కు తీసుకుని మళ్ళీ మార్తమ్మ ఇంటికి పోతోంది. ఆయన చేతిని చూసింది.

"చెయ్యికేంది నల్లగ?"

"చక్రాలకు నూనె పెడ్తున్న" అన్నాడు.

నోయల్ సామాను సంచితో వచ్చాడు. సంచి కింద పెట్టి, స్విచ్చి వేసి, చెవి పెట్టి విన్నాడు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి పక్కన పెట్టాడు. జాలీకి ఉన్న రెండు స్క్రూలు విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"జర లైటు పట్టుకో మామా."

శంకరప్ప ఫోను లైటు పట్టుకున్నాడు. వెలుతురు సరిగ్గా మోటారు మీద పడింది. ఏడాది దుమ్ము నల్లని గుడ్డలా కప్పుకుని ఉంది. దాని మీద నాలుగు వేళ్ళు ఈడ్చిన గీతలు. గీతల చివర ఊడిన ఎర్రవైరు. దాని కొస రాగి మిలమిలా మెరుస్తోంది. శంకరప్ప ఫోను పక్కకు తిప్పాడు. లైటు గోడ మీదికి పోయింది. మళ్ళీ తెచ్చి అక్కడే పట్టాడు. ఇంకెక్కడ పట్టాలో ఆయనకు తోచలేదు.

నోయల్ ఆ గీతలను చూశాడు. లైటు పట్టుకున్న చేతిని చూశాడు. ముఖం మాత్రం చూడలేదు. తర్వాత సంచిలోంచి పట్టకారు తీసి, వైరు కొసను నొక్కి, దాని చోట్లో దాన్ని బిగించాడు. గుడ్డపీలికతో మోటారు మీది దుమ్మంతా తుడిచేశాడు. గీతలు కూడా పోయాయి. జాలీ పెట్టి స్క్రూలు బిగించి, లేని చోట రెండు కొత్తవి తన డబ్బాలోంచి తీసి వేశాడు.

స్విచ్చి వేస్తే మోటారు గుర్రుమంది.

"ఒక వైరు ఊడింది. ఎలుక గుంజినట్టుంది మామా."

"ఆఁ... ఎలుకలు మస్తయినయి" అన్నాడు శంకరప్ప.

నోయల్ పనిముట్లు సంచిలో పెట్టుకోసాగాడు. టెస్టరు, పట్టకారు, టేపు. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పెడుతున్నాడు. చాలాసేపు పెట్టాడు. ఆ సేపంతా శంకరప్పకు ఇచ్చిందే. పెట్టె తీసుకుపో అని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట అనబోయి, రాజేశ్ దుకాణం ముందు రోజూ నిలబడే నలుగురి ముఖాలు గుర్తొచ్చి, ఆపుకున్నాడు.

"చాయ్ తాగుతవా?" అన్నాడు శంకరప్ప.

నోయల్ సంచి భుజానికి వేసుకున్నాడు. "ఇయ్యాల వద్దు మామా."

మధ్యాహ్నం మూడింటికి శంకరప్ప చావింటికి వెళ్ళాడు. వెళ్ళకపోతే నలుగురూ అడుగుతారు. మార్తమ్మను మంచం మీద పడుకోబెట్టి, కింద, పక్కల ఐసు దిమ్మలు పేర్చారు. దిమ్మల మీద గోనెపట్టలు, వాటి మీద వడ్లపొట్టు. రెండు టేబుల్ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కరిగిన నీళ్ళు మంచం కాళ్ళ వెంట జారి గచ్చు మీద పారుతున్నాయి. నోయల్ భార్య పింకి మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో నీళ్ళు అద్ది బకెట్లో పిండుతోంది. బకెట్ నిండితే సంగమ్మ తీసుకుపోయి వాకిట్లో పారబోసి వస్తోంది. మూలన నలుగురు ఆడవాళ్ళు సన్నగా పాట పాడుతున్నారు.

"అయ్యో, కాలనీ డబ్బా తేకపోతివా నోయల్?" అని ఒక ముసలామె అడిగింది.

శంకరప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేనే వద్దన్న పెద్దమ్మా" అన్నాడు నోయల్. "అద్దం మూత వేస్తే అమ్మను బందు చేసినట్టుంటదని నాకే మనసొప్పలేదు."

శంకరప్ప పది నిమిషాలు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేశాడు.

ఆదివారం పొద్దున పుణె బస్సులోంచి సోనాలి దిగింది. ఆసుపత్రిలో నర్సు ఆమె. మధ్యాహ్నం సమాధుల తోటకు తీసుకుపోయారు. రాజేశ్ అందరికంటే పెద్ద పూలదండ తెచ్చి వేసి, నోయల్‌ను కావలించుకుని, "ఏమన్న కావాలంటే అడుగు తమ్మీ, మొగమాటపడకు" అన్నాడు. శంకరప్ప అందరికంటే వెనక నడిచాడు.

సోమవారం పొద్దున సంగమ్మ ఆయన ముందు జొన్నరొట్టె పెట్టి, తాను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

"భవనంల ఎలుకలున్నయా?"

"ఎందుకు?"

"పింకి చెప్పింది, ఎలుక వైరు గుంజిందట, నోయల్ బాగుచేసిండట. ఎనిమిదేండ్ల నుంచి ఆ భవనం ఊడుస్తున్న. ఒక్క పెంటిక గూడ చూడలే." ఆమె ఆయన కుడిచేతిని చూస్తోంది. "శనివారం నూనె పెట్టిన అన్నవు. ఆ చెయ్యికి అంటింది నూనె కాదు, దుమ్ము."

శంకరప్ప రొట్టె తుంచాడు. తుంచిన ముక్క పళ్ళెంలోనే ఉంది.

"రాజేశ్ చెప్పిండు" అన్నాడు చివరికి.

"రాజేశ్ పిల్లలిద్దరికి నలభై దినాలు కాళ్ళ మీద పండబెట్టుకొని నీళ్ళు పోసిందెవరు? మార్తమ్మనే. మన మనవరాలికి గూడ ఆమెనే. అప్పుడు ఆ చేతులు మంచిగుండె." సంగమ్మ లేచింది. "రాజేశ్ చెప్తే చెప్పనీ. వైరు గుంజింది రాజేశ్ చెయ్యి కాదు కద."

ఆ రోజంతా, మర్నాడు కూడా ఆమె అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి భవనంలో సంఘం మీటింగు జరిగింది. నలభై మంది దాకా వచ్చారు. బోరు సంగతి, వీధిలైట్ల సంగతి అయ్యాక రాజేశ్ లేచాడు.

"ఇంకొక్క మాట. మన నోయల్, తల్లి సచ్చిన దినం గూడ మన ఫ్రీజర్ డబ్బా ఖరాబైందని తెలిసి వచ్చి బాగుచేసి పోయిండు. ఇసుంటోళ్ళుంటేనే కాలనీ. వచ్చే నెల కార్యక్రమంల శాలువ కప్పుదాం. ఏమంటరు?"

చప్పట్లు మోగాయి. శంకరప్ప తన చేతులు కూడా దగ్గరికి రావడం చూసుకున్నాడు. కుర్చీ చప్పుడయ్యేలా లేచి నిలబడ్డాడు.

"ఎలుక లేదు" అన్నాడు.

"ఏంది మామా?"

"డబ్బా ఖరాబు కాలే. ఖరాబైందని నేను నోయల్‌కు అబద్ధం చెప్పిన. వాడు బాగుచేస్త అంటే, వాడు వచ్చేలోపట వైరు గుంజిన. వాళ్ళమ్మకు ఇయ్యొద్దని గుంజిన."

శంకరప్ప రాజేశ్‌ను చూశాడు. ఇయ్యకు అన్నది ఎవరో కూడా చెప్పాలనే లేచాడు. రాజేశ్ కళ్ళార్పకుండా తననే చూస్తున్నాడు. శంకరప్ప కూర్చున్నాడు.

రాజేశ్ నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "వయసు మీద పడ్డది, మామకు ఏదో పొరపాటైంది. తప్పు ఒప్పుకునుడు గూడ పెద్దతనమే. ఎవరు గూడ మనసుల పెట్టుకోకుండ్రి. తాళంచెవి మామ దగ్గరనే ఉండనీ."

బయటికి వస్తుంటే ముగ్గురు నలుగురు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఈ కాలంల ఇంత నిజం ఎవరు చెప్తరు శంకరప్పా" అన్నాడు ఒక రిటైర్డు మాస్టరు. రోడ్డు దాటుతుంటే శంకరప్పకు కాళ్ళు తేలికగా అనిపించాయి. మూడు రోజుల తర్వాత ఆ పూట రెండు రొట్టెలు తిన్నాడు. సంగమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె విని, "నోయల్‌కు చెప్పినవా?" అంది.

"అందరి ముంగట చెప్పినంక ఇంక వేరే చెప్పేదేముంది?"

అయినా బుధవారం పొద్దున దుకాణానికి వెళ్ళాడు. నోయల్ ఒక కూలరు మోటారు విప్పి పాత పేపరు మీద పెట్టుకుని కూర్చున్నాడు. శంకరప్ప వస్తుంటే తలెత్తి చూశాడు. కూర్చోమనలేదు.

"నిన్న మీటింగుల..."

"తెలుసు. ఎనిమిది కాకముందే ఆరుగురు ఫోను చేసిండ్రు. పాపం, పాపం అనుకుంట."

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."

నోయల్ చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు.

"శనివారం నువ్వు లైటు పట్టుకున్నప్పుడే నాకు తెలిసింది మామా. ఎలుక అని ఎందుకన్న? నీ కోసమనా? కాదు. మా అమ్మ సావుల ఆ ముచ్చట ఉండొద్దని అన్న. ఎవరు అడిగినా నేనే వద్దన్న అన్న. సోనాలికి గూడ గట్లనే చెప్పిన. నమ్మింది. మా అమ్మ అందరిలెక్కనే పోయింది అనుకున్నది." ఆగాడు. "నిన్న నువ్వు నిలబడి చెప్పినవు. నీ మనసు సల్లబడ్డది. ఇప్పుడు కాలనీల మా అమ్మ పేరు చెప్తే ఏం గుర్తొస్తది? నలభై ఇండ్ల పిల్లలకు నీళ్ళు పోసింది అని రాదు. డబ్బా గూడ దక్కనామె అని వస్తది."

శంకరప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా దగ్గరికొచ్చి నాకు చెప్తే అయిపోయేది. నాకే చెప్పలేదు నువ్వు." నోయల్ మళ్ళీ మోటారు మీదికి వంగాడు. "పో మామా. సోనాలి నిన్నటి సంది అన్నం ముడ్తలేదు. దాన్ని బస్సెక్కియ్యాలె."

పన్నెండు గంటలకు కాలనీలో ఆటో నడిపే దత్తు శంకరప్ప ఇంటి ముందు బండి ఆపాడు. వెనక సీట్లో సంచి పెట్టుకుని సోనాలి ఉంది. సంగమ్మ ఎదురెళ్ళింది. సోనాలి ఆమె చెయ్యి పట్టుకుని, లోపలికి మాత్రం రాలేదు.

"మామా, ఆ డబ్బా ఒక్కసారి చూపిస్తరా?"

శంకరప్ప తాళంచెవి తీసుకుని ముందు నడిచాడు. తలుపు తెరిచాడు. ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. ఆసుపత్రిలో కొత్త పరికరాన్ని చూసినట్టు చూసింది.

"నడుస్తుందా?"

ఆయన ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. సోనాలి అద్దం మూత ఎత్తి పట్టుకుని స్టీలు పళ్ళెం మీద అరచెయ్యి ఆనించింది. అట్లాగే నిలబడింది. దత్తు బయట ఒకసారి హారన్ కొట్టాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. కొంతసేపటికి ఆమె ముంజేతి మీద వెంట్రుకలు నిక్కపొడుచుకోవడం శంకరప్పకు కనిపించింది.

"పొడిగున్నది" అంది ఆమె.

ఆయనకు అర్థం కాలేదు.

"ఆదివారం అమ్మకు స్నానం చేయించింది నేనే మామా. దావఖానల ఎన్ని శవాలను చూసిన్నో. ఐసు నీళ్ళల్ల ఒక దినం, ఒక రాత్రి ఉండి అమ్మ వీపు తెల్లగ నానిపోయింది. రవికె ఒంటికి అంటుకుంది. విప్పరాలేదు, కత్తిరించిన. అన్న వద్దన్నడు కద, అన్న ఇష్టం అనుకొని ఏమనలే." మూత నెమ్మదిగా దించింది. "ఇది పొడిగుంటదని నాకు తెల్వకపోతే మంచిగుండు."

ఆమె వెళ్ళి ఆటో ఎక్కింది. సంగమ్మ ఆటో పక్కన నిలబడి ఏదో చెబుతోంది. శంకరప్ప గుమ్మం దాకా వచ్చాడు. మూడు మెట్లు దిగితే ఆటో. ఆమె ఒకసారి ఇటు చూసింది, ఆయన ఏమన్నా అంటాడేమోనన్నట్టు. తప్పు ఒప్పుకునే మాట నిన్న నలభై మంది ముందు అంత సులువుగా వచ్చింది. ఇప్పుడు నోరు తెరిస్తే అది తన కోసమే అంటున్నట్టుంటుందని ఆయనకు మొదటిసారి తెలిసింది. మెట్లు దిగలేదు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, తల వంచుకునే ఉన్నాడు.